‘వర్’ అంటే అబద్ధమా, పిన్నీ?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఇవాళ నేను మీతో ఆవకాయ గురించి గాని, పిల్లల జలుబు దగ్గుల గురించి గాని మాట్లాడబోవడం లేదు. ఇంగ్లీషు గ్రామరు గురించి మాట్లాడబోతున్నాను. “ఈవిడకీ గ్రామరుకీ ఏమిటమ్మా సంబంధం?” అని మీరు బుగ్గలు నొక్కుకుంటే నేనేమీ అనుకోను. నేను చదివింది పదో తరగతి. మా నాన్నగారి మాటల్లో చెప్పాలంటే మెట్రిక్. అదీ తెలుగు మీడియం. ఇంగ్లీషులో ఎన్ని మార్కులొచ్చాయని మాత్రం అడగకండి. కాని ఒక చిన్న ఇంగ్లీషు మాట మా ఇంట్లో మూడు రోజులపాటు ఎవరికీ అన్నం సహించకుండా చేసింది. ఆ సంగతి చెప్పకుండా ఉండలేక ఇలా మీ ముందుకు వచ్చాను.

మా ఇల్లు నాంపల్లిలో. రైలు కూత వింటే ఏ బండో చెప్పగలిగేటంత దగ్గరలో స్టేషను. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. అబ్బాయి నా కడుపున పుట్టినవాడు. అమ్మాయి మా అక్క కూతురు. దాని నాలుగో ఏట మా అక్క పోయింది. బావగారు ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉంటూ, పండగలకీ పబ్బాలకీ వచ్చి చూసిపోతూ ఉంటారు. అప్పటినుంచీ పిల్ల నా దగ్గరే ఉంది. నన్ను “పిన్నీ” అనీ, మావారిని “బాబాయ్” అనీ పిలుస్తుంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆబిడ్స్ వైపు ఒక ఇంగ్లీషు మీడియం బళ్లో చదువుతోంది.

ఒక గురువారం సాయంత్రం బడి నుంచి వచ్చి, సంచీ ఒక మూల పడేసి, మొహం కడుక్కోకుండా కిటికీ దగ్గర కూర్చుంది. పాలు ఇస్తే అక్కర్లేదంది. ఏమిటని అడిగితే నోటు పుస్తకం తీసి చూపించింది. ‘నేను గౌరవించే వ్యక్తి’ అన్న విషయం మీద కాంపోజిషను. మా పిల్ల గాంధీగారినీ రాయలేదు, కలాంగారినీ రాయలేదు. నన్ను గురించి రాసింది. అది చూసేసరికి నాకు ఎంత సంతోషం కలగాలో అంతా కలిగింది గాని, మధ్యలో ఒక చోట ఎర్రసిరా గీత కనబడింది.

పిల్ల రాసింది ఇదీ: “షి లుక్స్ ఆఫ్టర్ మి యాజ్ ఇఫ్ ఐ వజ్ హర్ ఓన్ డాటర్.” అంటే నన్ను సొంత కూతురిలా చూసుకుంటుంది అని. టీచరు ఆ ‘వజ్’ని కొట్టేసి పైన ‘వర్’ అని రాసింది. పక్కన అరమార్కు తగ్గించింది.

“తప్పు దిద్దారు. దిద్దించుకోవడానికే గదా బడికి పోవడం. దీనికి ఏడుస్తారా?” అన్నాను.

“దిద్దినందుకు కాదు పిన్నీ. ఎందుకు దిద్దారో క్లాసులో చెప్పారు. నిజం కానిదాన్ని నిజమైనట్టు ఊహించి చెప్పేటప్పుడు ‘వర్’ రాయాలట. అంటే...” అని ఆగిపోయింది. తరవాత మెల్లిగా, “‘వర్’ అంటే అబద్ధమా, పిన్నీ?” అంది.

నేనేం చెప్పగలను? నోటికొచ్చిన మాట అన్నాను. “ఏది రాస్తే మార్కు వస్తుందో అది రాసేసి ఊరుకోవే” అన్నాను. ఆ పూట ఆ మాట అని ఉండకూడదు. పిల్ల పుస్తకం సంచీలో పెట్టేసి, అన్నం తినకుండా పడుకుంది.

మర్నాడు పని తెమిలాక మా సందు చివర ఉన్న మాష్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయినవారు. పేరు చెబితే ఒప్పుకోరు. ఇంగ్లీషు ఎలా నేర్పాలో నేర్పే సంస్థ ఒకటి మన హైదరాబాదులోనే ఉందన్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అని పెట్టారు, 1972లో దానికి విదేశీ భాషలు చేర్చారు, 2007లో ఇఫ్లూ అనే పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. మాష్టారు ఒకప్పుడు అక్కడ శిక్షణ పొందినవారే. నేను చెప్పిందంతా విని నవ్వలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు మీకు చెబుతాను.

‘యాజ్ ఇఫ్’ అన్నది ఒక మాట కాదట, రెండు మాటలట. ‘యాజ్’ అంటే ‘అలాగ’. ‘ఇఫ్’ అంటే ‘అయితే’. ఈ రెండింటి మధ్యా ఒక వాక్యం ఉండేది, అది మింగుడుపడిపోయింది. పూర్తిగా రాస్తే, “నేను ఆవిడ కన్నకూతుర్నే అయివుంటే ఎలా చూసుకునేదో, అలా చూసుకుంటోంది” అని. మనం పోపులో ఇంగువ కరిగిపోయిందని ఇంగువ వెయ్యలేదనం గదా, అలాగే ఆ మధ్య వాక్యం కంటికి కనబడకపోయినా వాసన మాత్రం ఉంది. ఇంగువ మాట నాదే లెండి, మాష్టారిది కాదు.

ఆ ‘అయితే’ ఉన్నచోట ఇంగ్లీషువాడు ఒక ప్రశ్న వేసుకుంటాడట. ఇది ఉన్న విషయమా, ఊహించిన విషయమా? ఉన్నదైతే నిశ్చయంగా చెప్పే క్రియ. అందులో ‘ఈజ్’, ‘వజ్’ అన్నీ వాటి వాటి కాలాన్ని బట్టి వస్తాయి. ఉత్త ఊహ అయితే సబ్జంక్టివ్ అనే మరో రూపం. అందులో ‘ఐ’కి గాని, ‘హి’కి గాని, ‘షి’కి గాని ‘వర్’ వస్తుంది. ఈ ‘వర్’ చూడ్డానికి జరిగిపోయిన కాలంలా ఉంటుంది గాని దీనికి నిన్నతో సంబంధం లేదు. ఇప్పుడు లేనిదాన్ని చెప్పడానికి నిన్నటి చీర కట్టుకుందన్నమాట.

“ఉదాహరణ చెప్పండి మాష్టారూ” అన్నాను. ఆయన చెప్పింది వినండి. పక్కింటివాడు పరుగెత్తుకుంటూ బయటికి వచ్చాడు. “హి ఈజ్ రన్నింగ్ యాజ్ ఇఫ్ హిజ్ హౌస్ వర్ ఆన్ ఫైర్” అన్నామనుకోండి. ఇల్లేమీ అంటుకోలేదు, వాడికి ఆఫీసు బస్సు తప్పిపోతోంది, మనం మన పప్పు చూసుకోవచ్చు. అదే “ఇట్ లుక్స్ యాజ్ ఇఫ్ హిజ్ హౌస్ ఈజ్ ఆన్ ఫైర్” అన్నామనుకోండి. పొగ కనబడుతోంది, ఫైరింజనుకి ఫోను చెయ్యాలి. ఒకే నిప్పు, ఒకే ఇల్లు. తేడా అంతా ఆ చిన్న క్రియలో ఉంది.

నాకు అప్పుడు తట్టింది. “ఇది మన తెలుగులో లేదంటారా?” అన్నాను. ఉందంటారా, లేదంటారా అని ఇద్దరం కాసేపు తర్జనభర్జన పడ్డాం. నేను చెప్పిన ఉదాహరణ విని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, “అమ్మా, మీకు సబ్జంక్టివ్ వచ్చు, దాని పేరే రాదు” అన్నారు. ఆ ఉదాహరణ మీకూ చెబుతాను. మన ఆడవాళ్లకి పెళ్లి సంబంధాలకన్నా బాగా తెలిసినవి ఏమున్నాయి గనక!

ఎదురింటి వాళ్ల అమ్మాయికి సంబంధం చూస్తున్నారు. వాళ్లింట్లో సందడి చూసి మనం, “పెళ్లి కుదిరినట్టుంది” అంటాం. అంటే మనకి ఆధారం కనబడింది, బహుశా నిజమే. ఇక్కడ ఇంగ్లీషువాడు ‘యాజ్ ఇఫ్’ తరవాత ‘ఈజ్’ వేస్తాడు. రెండోది. కట్నకానుకల దగ్గర చిన్న మాట మిగిలింది, అది తేలిపోతే చాలు. అప్పుడు “కుదిరినట్టే” అంటాం. చివర ఆ దీర్ఘం చూశారా, ఆ ‘ఏ’ పెట్టామంటే ఇక అనుమానం లేదు. దానికి ఇంగ్లీషులో ‘యాజ్ ఇఫ్’ పనికే రాదు, ‘యాజ్ గుడ్ యాజ్ సెటిల్డ్’ అనాలి. మూడోది. ఇంకా అబ్బాయివాళ్లు ఉత్తరమైనా రాయలేదు, ఈవిడ మాత్రం చీరలు కొంటోంది. అప్పుడేమంటాం? “పెళ్లేదో కుదిరిపోయినట్టు చీరలు కొంటోందమ్మా” అంటాం. ఆ ‘ఏదో’ గమనించండి. ‘పెళ్లేదో’, ‘తానేదో’, ‘వాడేదో’. ఆ ‘ఏదో’ వచ్చిందంటే ఉన్నది లేదని అర్థం. “తానేదో కలెక్టరైనట్టు”, “వాడేదో పెద్ద కష్టపడిపోతున్నట్టు”. ఇంగ్లీషువాడి ‘వర్’ మన ఇళ్లలో ‘ఏదో’ రూపంలో రోజూ తిరుగుతూనే ఉంది. “షి ఈజ్ బయింగ్ శారీస్ యాజ్ ఇఫ్ ద మ్యాచ్ వర్ సెటిల్డ్.” అంతే సంగతి.

తెలుగు క్లాసులో మనం వల్లెవేసిన అలంకారాలు గుర్తున్నాయా? ఒకదాన్ని చూసి మరొకటిగా ఊహించడాన్ని ఉత్ప్రేక్ష అన్నారు. గుల్‌మొహర్ చెట్టు పూస్తే “చెట్టుకి నిప్పంటుకుందా అన్నట్టుంది” అంటాం. అక్కడ ఫైరింజనుని పిలవం. ‘అయితే, వస్తే, చేస్తే’ అనే రూపాన్ని మన వ్యాకరణం చేదర్థకం అంటుంది. ఇంగ్లీషులో ‘యాజ్ ఇఫ్’ అంటే ఉత్ప్రేక్షనీ చేదర్థకాన్నీ ఒకే గిన్నెలో కలిపి వడ్డించడమని నాకనిపించింది. పండితులు ఒప్పుకుంటారో లేదో!

శనివారం మధ్యాహ్నం మా పక్కింటి బేగంగారు వచ్చారు. ఆవిడ ఉర్దూ టీచరుగా పనిచేసి మానేశారు. నేను ఈ గొడవంతా చెబితే ఆవిడ చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని నవ్వి, “అరే, ఇదీ ఒక ప్రశ్నేనా, మాకు పాలతో పాటే వస్తుంది” అన్నారు. ఉర్దూలో ‘హై’ అంటే ఉంది. ‘హో’ అంటే ఉందనుకో, ఉండవచ్చు, ఉంటే. “జైసే ఘర్ కా మాలిక్ హో” అంటే యజమాని కాడు, అయినట్టు ప్రవర్తిస్తున్నాడు. “లగ్‌తా హై యహీ మాలిక్ హై” అంటే ఇతనే యజమానిలా ఉన్నాడు, జాగ్రత్తగా మాట్లాడు. నాంపల్లిలో ఇన్నేళ్లు కాపురం చేసి, కూరలబండి దగ్గర ఆ భాషే మాట్లాడుతూ, ఈ ‘హై’కీ ‘హో’కీ తేడా నేను పట్టించుకోలేదు. అయితే బేగంగారే మరో మాట చెప్పారు. మన హైదరాబాదు దక్కనీలో, వీధి మాటల్లో, ‘హో’ అనవలసిన చోట కూడా చాలామంది ‘హై’ అనేస్తారట. వినేవాళ్లకి అర్థమవుతుంది, ఎవరూ తగాదా పడరు. పరీక్షలో మాత్రం ఆవిడ దిద్దేవారట. ఎర్రసిరాతోనే.

ఆ మాట విన్నాక నాకు కొత్త అనుమానం వచ్చింది. మరి ఇంగ్లీషులో కూడా అంతేనేమో? మా పిల్ల రాసిన ‘వజ్’ నిజంగా తప్పేనా?

అందుకని ఆదివారం పొద్దున్నే పిల్లని వెంటబెట్టుకుని ఆబిడ్స్ బయల్దేరాను. ఆదివారం ఆబిడ్స్ మీకు తెలియనిది కాదు. పెద్ద షాపులు మూసేస్తారు, వాటి ముందు పేవుమెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగు గైడ్లు, పాత పత్రికలు, ఎవరో ఎవరికో బహుమతిగా ఇచ్చిన నవలలు. మధ్యలో మనకి కావలసినది ఒకటి దొరికితే పండగే. పోస్టాఫీసు దగ్గర దిగి నడుస్తూ, ఆబిడ్స్ అని పేరెందుకొచ్చిందో పిల్లకి చెప్పాను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆబిద్ అనే ఆయన ఉండేవాడు. దొరగారి బట్టలు, వస్తువులు చూసుకునే కొలువు. ఆయన ఇక్కడ ఒక దుకాణం పెట్టాడు. ఆబిద్ గారి దుకాణం, అదే ఆబిడ్స్. దుకాణం పోయి ఎన్నేళ్లయిందో! పేరు మాత్రం సిటీ బస్సు బోర్డుల మీదికి కూడా ఎక్కింది. పక్కనే గన్‌ఫౌండ్రీ ఉంది. అక్కడ ఇప్పుడు ఫిరంగులు పోతపోసేవాళ్లు ఉన్నారా? లేరు. పేరుంది.

ఈ సబ్జంక్టివ్ కథా అలాంటిదేనని ఆ పూట కొన్న పుస్తకాలు చూశాక తెలిసింది. పాతకాలపు ఇంగ్లీషులో ప్రతి క్రియకీ ఊహ చెప్పే రూపం వేరుగా ఉండేదట. కాలక్రమేణా అరిగిపోయింది. ఫౌలర్ అనే ఆయన 1926లో ఇంగ్లీషు వాడుక గురించి పెద్ద నిఘంటువులాంటి పుస్తకం వేశాడు. అందులోనే ఈ సబ్జంక్టివ్ కొద్ది చోట్ల తప్ప చావుబతుకుల్లో ఉందని రాశాడు. అది జరిగి దాదాపు నూరేళ్లు. ఈ ‘వర్’ మాత్రం ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉంది. అదీ ఒక్క ‘బి’ అనే క్రియకే, అదీ ఐ, హి, షి, ఇట్ అనే నాలుగింటి దగ్గరే తేడా కనబడుతుంది. ‘యు’కీ, ‘వి’కీ, ‘దే’కీ మామూలుగానే ‘వర్’ గదా. మా పిల్లకి ఒక చెల్లెలు ఉండి, “మమ్మల్ని సొంత కూతుళ్లలా” అని రాసి ఉంటే ‘వి వర్’ అనేది, ఎర్రసిరా పడేదే కాదు, మా ఇంట్లో ఈ గొడవే వచ్చేది కాదు.

మన పిల్లల సంచుల్లో ఉండే రెన్ అండ్ మార్టిన్ గ్రామరు కూడా ఒక పాతది దొరికింది. ఆ రెన్ గారు బొంబాయి వైపు విద్యాశాఖలో పనిచేసినవాడు, నవలలు కూడా రాశాడు. ‘బో జెస్ట్’ అనే ప్రసిద్ధమైన సాహస నవల 1924లో ఆయన రాసిందే. మన పిల్లల్ని ఏడిపించిన గ్రామరూ ఆయనదే, దొరల పిల్లల్ని మురిపించిన నవలా ఆయనదేనని తెలిసి నాకు కొంచెం కోపం తగ్గింది. ఆయన పాత పద్ధతి మనిషి. ఊహకి ‘వర్’ అంటాడు. కాని మైకేల్ స్వాన్ అనే ఆయన ‘ప్రాక్టికల్ ఇంగ్లీష్ యూసేజ్’ అని ఒక పుస్తకం రాశాడు, 1980లో మొదటిసారి అచ్చయింది. దాని పాత ప్రతి ఒకటి అడుగున దొరికింది. మాష్టారు దాన్ని చూసి వెతికి చెప్పారు. ఊహించి పోల్చేటప్పుడు మామూలు మాటల్లో ‘వజ్’ అనవచ్చు, పద్ధతిగా రాసేటప్పుడు ‘వర్’ వాడవచ్చు. అంటే ‘వజ్’ కూడా అక్కడ నిన్నటి సంగతి చెప్పడం లేదు, ఊహనే చెబుతోంది. చదువుకున్న ఇంగ్లీషువాళ్లే ఇంట్లో అలా మాట్లాడుకుంటారు.

కనుక మా పిల్లది అక్షరాలా తప్పు కాదు. టీచరమ్మదీ తప్పు కాదు. ఆవిడ పరీక్షకి పిల్లల్ని తయారుచేస్తోంది. పరీక్ష పేపరు పెళ్లిభోజనం లాంటిది, అక్కడ ఇంట్లో కట్టుకునే చీర కట్టుకోలేం. ఉద్యోగానికి అర్జీ పెట్టేటప్పుడు, పెద్దవాళ్లకి ఇంగ్లీషులో ఉత్తరం రాసేటప్పుడు ‘వర్’ రాయడమే క్షేమం. నా సలహా కూడా అదే.

కాని అన్నిచోట్లా ‘వర్’ రాయడం కూడా పొరపాటేనండోయ్. ఈమధ్య కొందరు ‘యాజ్ ఇఫ్’ కనబడితే చాలు, వెనకాముందూ చూడకుండా ‘వర్’ అంటించేస్తున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లి “నాకు జ్వరం వచ్చేలా ఉంది” అనాలంటే “ఐ ఫీల్ యాజ్ ఇఫ్ ఐ యామ్ గెటింగ్ ఎ ఫీవర్” అనాలి. అక్కడ ‘వర్’ అంటే, జ్వరం లేదని మీరే ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. మేడ మీద వడియాలు ఎండబెట్టాం, మబ్బు పట్టింది. “ఇట్ లుక్స్ యాజ్ ఇఫ్ ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్.” అక్కడ ‘ఈజ్’ అనాలి, అని పరుగెత్తాలి. జరిగిపోయిన ఊహకైతే ‘హ్యాడ్’ వస్తుంది. దయ్యాన్ని చూసినట్టు బెదిరిపోయింది అనాలంటే “యాజ్ ఇఫ్ షి హ్యాడ్ సీన్ ఎ గోస్ట్”. ఇంకొకటి మన ఊళ్లో బాగా వినబడుతుంది. “లైక్ యాజ్ ఇఫ్” అంటారు. ‘లైక్’ అన్నా చాలు, ‘యాజ్ ఇఫ్’ అన్నా చాలు. రెండూ కలిపితే “అమ్మలాగా మాదిరిగా” అన్నట్టుంటుంది.

ఇదంతా తేల్చుకున్నాక, ఆ ఆదివారం రాత్రి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. నాకు తెలిసినట్టు చెప్పాను. “చూడమ్మా, నీ వాక్యంలో క్రియలు రెండున్నాయి. ‘లుక్స్ ఆఫ్టర్’ అన్నది ఒకటి. అది నిశ్చయం. దాన్ని మేడం ముట్టుకోలేదు, ఎవరూ ముట్టుకోలేరు. ‘చూసుకుంటుంది’ అన్నదాంట్లో ఊహ లేదు. రెండోదే ఊహ. నేను నిన్ను కనలేదు. కన్నది మా అక్క. అది అబద్ధం చేసి నేను నీకు అమ్మని అనిపించుకోవాలా? ఆ ‘వర్’ మీ అమ్మ చోటు మీ అమ్మకి ఉంచిందే” అన్నాను.

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అంది, “మరి నువ్వు అందరితోనూ అలాగే అంటావు గదా పిన్నీ?”

“ఎలాగ?”

“మొన్న పెళ్లిలో ఎవరో నన్ను చూపించి అడిగితే, ‘మా అక్క కూతురండీ, సొంత కూతురిలాగే చూసుకుంటాం’ అన్నావు. ఎప్పుడూ అంతే అంటావు.”

ఏం చెప్పను చెప్పండి! పదేళ్లుగా ఆ మాట అంటున్నాను. గొప్పగా అనుకుని అంటున్నాను. పక్కన నిలబడి పిల్ల వింటోందన్న ధ్యాసే లేదు. ఆ ‘లాగే’లో ఇంగ్లీషువాడి ‘వర్’ కన్నా పెద్ద ఎర్రసిరా గీత ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. అడిగినవాళ్లు అడిగింది ఒక్క మాటే, “మీ అమ్మాయా?” అని. ఎవరు కన్నారో వాళ్లకి అక్కర్లేదు. సొంత కూతురిలా చూస్తున్నానో లేదో అసలే అడగలేదు. మరి నేనెందుకు చెప్పినట్టు? నా మంచితనం వాళ్లకి తెలియాలనే గదా! మావారు పేపరు చదువుకుంటూ ఇదంతా విన్నారు గాని ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు బళ్లో దిద్దుబాటు రాయాలట, తప్పయిన ప్రతి వాక్యం మూడుసార్లు. పిల్ల మూడుసార్లూ ‘వర్’ అనే రాసింది, గుండ్రటి అక్షరాలతో. నాకు చూపించింది. కాని ఒరిజినలు వాక్యంలో టీచరు కొట్టేసిన ‘వజ్’ మీద మళ్లీ పెన్సిలుతో సన్నగా దిద్దుకుంది. అది ఎందుకని నేను అడగలేదు.

తరవాతి ఆదివారం మళ్లీ ఆబిడ్స్ వెళ్లాం. ఈసారి దానికి సైన్సు గైడు కావాలంది. పుస్తకాలాయన పాతవాడే, మమ్మల్ని గుర్తుపట్టాడు. గైడు దుమ్ము దులిపి పిల్ల చేతికిస్తూ, నన్ను చూసి, “ఆప్‌కీ బేటీ హై?” అన్నాడు. మా అక్క కూతురండీ అనబోయాను. అలవాటు గదా, మాట నాలిక చివరిదాకా వచ్చింది.

“హాఁ, మేరీ బేటీ హై” అన్నాను.

పిల్ల గైడులో పేజీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తోంది. తలెత్తలేదు. “పిన్నీ, ఇందులో ఆఖరి పాఠం చిరిగిపోయింది, తగ్గించమని అడుగు” అంది. అడిగాను. తగ్గించాడు.